ఏడీహెచ్‌డీ మాత్ర మొదలైంది, మరి కాఫీ టీల సంగతేంటి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వయసు 27, విజయవాడలో ఐటీ ఉద్యోగం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవని, నిలకడ లేని సమస్య) అని ఈమధ్యే తేలింది. డాక్టరు గారు మిథైల్‌ఫెనిడేట్ ఎస్.ఆర్. (మందును మెల్లగా వదిలే రకం) 10 మి.గ్రా.తో మొదలుపెట్టి, రెండో వారం నుంచి 20 చేశారు. పొద్దున లేవగానే ఫిల్టర్ కాఫీ, పగలు ఆఫీసు కింద ఐదు టీలు, సాయంత్రం ఒక ఎనర్జీ డ్రింకు. 20కి పెంచినప్పటి నుంచి గుండె దడ, చేతుల వణుకు. రాత్రి ఒంటిగంట దాటినా నిద్ర లేదు. మాత్ర పడలేదా, కాఫీ మానేయాలా, రెండింటి మధ్య ఎంత ఎడం ఉండాలి?

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ లేని పెద్దవాళ్లకు ఈ రెండూ కలిస్తే విషమేమీ కాదు. కానీ మీ లెక్కలో కెఫీన్ మీరు అనుకుంటున్నదానికన్నా చాలా ఎక్కువ ఉంది. మాత్ర పడలేదని ఇప్పుడే తేల్చలేం, ఎందుకంటే ఏ లక్షణం దేనిదో విడదీసే వీలు మీ దినచర్యలో లేదు. ఆ భయంతో రేపటి నుంచి కాఫీ పూర్తిగా బంద్ పెట్టడం కూడా పొరపాటే. అందుకు కారణం కింద చెబుతాను.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూడండి. మెదడు పనిచేసేకొద్దీ అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. అది తన గ్రాహకాల మీద కూర్చుంటే మనకు మగత. కెఫీన్ ఆ కుర్చీలో ముందే వచ్చి కూర్చుంటుంది. అలసట ఎక్కడికీ పోదు, అలసిపోయామన్న కబురు అందదు, అంతే. మిథైల్‌ఫెనిడేట్ దారి వేరు. నరకణాలు వదిలిన డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే కబుర్లు మోసే రసాయనాలను మళ్లీ లోపలికి పీల్చుకునే ద్వారాలను అది మూస్తుంది. కాఫీ ఎంత తాగినా ఆ పని చేయదు. 1970లలో ఏడీహెచ్‌డీ పిల్లల్లో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనాల్లో మాత్ర ముందు కెఫీన్ తేలిపోయింది. కాబట్టి మాత్రకు బదులు స్ట్రాంగ్ కాఫీ అన్న చిట్కాను నమ్మకండి.

కాలేయంలో కూడా రెండింటి దారులు కలవవు. కెఫీన్‌ను సీవైపీ1ఏ2 అనే ఎంజైము అరగదీస్తుంది, మిథైల్‌ఫెనిడేట్‌ను కార్బాక్సిలెస్టరేజ్-1. అందుకని కాఫీ తాగితే రక్తంలో మాత్ర పెరగదు, తగ్గదు. రెండూ కలబడేది చివర్లో: గుండె వేగం, బీపీ, వణుకు, ఆందోళన, ఆకలి, నిద్ర. మిథైల్‌ఫెనిడేట్ ఒక్కటే సగటున నాడిని నిమిషానికి 3 నుంచి 6, బీపీని 2 నుంచి 4 పాయింట్లు పెంచుతుంది. సగటు అన్నమాట గుర్తుంచుకోండి. కొందరికి ఏమీ పెరగదు, కొందరికి అంతకు బాగా ఎక్కువే పెరుగుతుంది. దాని మీద కెఫీన్ తన వాటా వేస్తుంది.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మి.లీ. కప్పులో డికాషన్ కాఫీ అయితే 80–120 మి.గ్రా., ఇన్‌స్టంట్ అయితే 50–65, టీ అయితే 30–65 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది. రోజు మొత్తానికి 300 మించొద్దని ఆ సంస్థ మాట. యూరప్, అమెరికా సంస్థలు ఆరోగ్యవంతులైన పెద్దలకు 400 దాకా ఒప్పుకుంటాయి. కానీ ఆ అంకె వేరే ఉత్ప్రేరకం (మెదడును హుషారుచేసే) మందు వాడనివాళ్లది. మాత్ర వేసుకునేవాళ్లు 300ని హద్దుగా కాదు, దాటకూడని గోడగా చూడాలి. మోతాదు కుదురుకునే రోజుల్లో 100–150 దగ్గర ఉంటే మంచిది.

మన దగ్గర కప్పులు ఆ 150 మి.లీ. కొలతలో ఉండవు కదా. టీ కొట్టు పేపర్ కప్పులో పట్టేది 60–80 మి.లీ. అందులో సగం పాలు. కానీ పొడి గంటల తరబడి మరుగుతూ ఉంటుంది కాబట్టి ఒక్కో కప్పుకు 25–30 వేసుకోండి. అల్లం టీ, బెల్లం టీ, లెమన్ టీ అన్నీ ఇంతే. చక్కెర తీసి బెల్లం వేస్తే కెఫీన్ తగ్గదు. గ్రీన్ టీ కూడా దాదాపు ఇదే దారి. ఇంటి ఫిల్టర్ కాఫీలో చికోరీ పాలు ఎంతో చూడాలి, ఎందుకంటే చికోరీలో కెఫీన్ సున్నా. 80:20 పొడికీ 60:40 పొడికీ ఒకే గ్లాసులో పావు వంతు తేడా వచ్చేస్తుంది. స్టీలు గ్లాసు కాఫీకి 80 అనుకోండి. కూల్‌డ్రింకుల్లో కోలా రకాలకు 100 మి.లీ.కి సుమారు 10. ఎనర్జీ డ్రింకులకు లీటరుకు 300 మి.గ్రా. మించరాదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన, అంటే 250 మి.లీ. డబ్బాకు గరిష్ఠంగా 75.

మీ రోజు కూడదాం: కాఫీ 80, ఐదు టీలు 125–150, డబ్బా 75. మొత్తం 280–305. తలనొప్పి వచ్చి సారిడాన్ ఒకటి వేసుకుంటే ఇంకో 50. ఆఫీసులో అందరూ తాగేంతే తాగుతున్నాననే మీకు అనిపిస్తుంది. నిజమే, కానీ వాళ్లు 20 మి.గ్రా. మిథైల్‌ఫెనిడేట్ మీద తాగట్లేదు.

మాత్రకూ కాఫీకీ మధ్య గంట ఎడం పెడితే చాలని చాలామంది చెబుతారు. అది సగమే నిజం. కెఫీన్ తాగిన 30–60 నిమిషాల్లో రక్తంలో శిఖరానికి చేరుతుంది. కానీ సగానికి పడడానికి సుమారు 5 గంటలు పడుతుంది, మనిషిని బట్టి 3 నుంచి 7. మామూలు మిథైల్‌ఫెనిడేట్ సుమారు 2 గంటలకు శిఖరం చేరి 3–5 గంటల్లో దిగిపోతుంది, ఎస్.ఆర్. రకం 6–8 గంటలు లాగుతుంది. 8:30కి మాత్ర వేసుకుని 10 గంటలకు స్ట్రాంగ్ కాఫీ తాగితే, మాత్ర జోరుగా పనిచేస్తున్న వేళ మీదే 10:30–11 మధ్య కాఫీ శిఖరం ఎక్కుతుంది. మీకు దడ వస్తున్నది ఆ వేళకేనా, ఒకసారి గమనించండి. అదే కాఫీ 6:30కి తాగి, 8:30కి టిఫిన్‌తో మాత్ర వేసుకుంటే రెండింటి జోరు వేళలు విడిపోతాయి. కానీ పొద్దుటి కాఫీలో సగం 11:30కి కూడా ఒంట్లోనే ఉంటుంది. అంటే ఎడం వల్ల తాకిడి మెత్తబడుతుంది, మొత్తం తగ్గదు. మొత్తం తగ్గాలంటే తక్కువ తాగడమే దారి.

టిఫిన్‌తో అన్నది ఊరికే అనలేదు. మాత్ర ఆకలిని చంపుతుంది, కాఫీ కూడా ఎంతోకొంత చంపుతుంది. ఖాళీ కడుపుతో రెండూ పడితే కడుపులో మంట, మధ్యాహ్నం భోజనం ఎగ్గొట్టడం, మూడింటికి వణుకు. ఆ వణుకు చాలాసార్లు మాత్రదీ కాదు, కాఫీదీ కాదు, ఆకలిది. ఆకలి పోకముందే, అంటే మాత్ర పని మొదలుకాకముందే, గుడ్డో పెసరట్టో ఇడ్లీ సాంబారో కడుపునిండా తినేయండి. ఎస్.ఆర్. మాత్రను నమలొద్దు, నలగ్గొట్టొద్దు. ఎనిమిది గంటల పాటు మెల్లగా దిగాల్సిన మందు ఒక్కసారిగా దిగితే కాఫీ లేకపోయినా దడ వస్తుంది.

ఇక మీ సమస్యకు మూలం నా అంచనాలో సాయంత్రం డబ్బా. చూడండి, 8:30 మాత్ర నాలుగూ అయిదింటికల్లా దిగుతుంది. దిగేటప్పుడు నీరసం, చిరాకు, బుర్ర మొద్దుబారినట్టు ఉండడం మామూలు. దాన్ని కప్పడానికి 6 గంటలకు డబ్బా తాగుతున్నారు. రాత్రి 11కి అందులో 37 మి.గ్రా. ఇంకా మిగిలుంటుంది, మధ్యాహ్నం టీల మిగులు అదనం. నిద్ర ఒంటిగంటకు పడితే పొద్దున లేవలేరు. లేవడానికి కాఫీ, దాని మీద మాత్ర, పదకొండింటికి దడ. నిద్ర చాలని మెదడుకు ఏకాగ్రత ఉండదు, అప్పుడు మాత్ర సరిపోవట్లేదేమో అనిపిస్తుంది. మోతాదు పెంచమని అడుగుతారు. ఇలా ఒకదాన్నొకటి తరుముతూ పోతాయి. 2013లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మి.గ్రా. కెఫీన్ ఇచ్చి చూస్తే గంటకు పైగా నిద్ర కరిగిపోయింది. మీ డబ్బా అందులో అయిదో వంతే, కానీ మీరు ఖాళీ గ్లాసులో పోయట్లేదు, నిండుతున్న గ్లాసులో పోస్తున్నారు.

కాబట్టి మొదట తీసేయాల్సింది అదే. దాని స్థానంలో నాలుగింటికి ఏదైనా తినండి, పల్లీలో అరటిపండో సెనగలో. ఒక పెద్ద గ్లాసు మజ్జిగో నిమ్మకాయ నీళ్లో తాగి పది నిమిషాలు నడవండి. దిగుడు అప్పటికీ భరించలేకపోతే అది డాక్టరుకు చెప్పాల్సిన విషయం. మాత్ర వేళ మార్చొచ్చు, రకం మార్చొచ్చు. ఎనర్జీ డ్రింకుతో సర్దుకునే సమస్య కాదు.

మిగతాది మెల్లగా తగ్గించండి. రోజుకు 300 అలవాటైన ఒంటికి ఒక్కసారి ఆపేస్తే 12–24 గంటల్లో తలనొప్పి మొదలై, ఒకటి రెండు రోజుల్లో ముదిరి, వారం దాకా ఉండొచ్చు. దానికి తోడు మగత, చిరాకు, ఏకాగ్రత లేకపోవడం. ఇవన్నీ కొత్త మాత్ర దుష్ప్రభావాల్లాగే ఉంటాయి. మాత్ర మొదలుపెట్టిన రోజే కాఫీ మానేసి, మూడో రోజున తల పగిలిపోతోందని మాత్ర ఆపేసేవాళ్లు చాలామంది. కారణం కాఫీ మానడం, శిక్ష మాత్రకు. అందుకే మూడు నాలుగు రోజులకొకసారి 25–50 మి.గ్రా. చొప్పున, చివరి కప్పు నుంచి మొదటి కప్పు వైపు కోసుకురండి. ముందు డబ్బాలో సగం, తర్వాత మిగతా సగం, తర్వాత నాలుగింటి టీ, తర్వాత మూడింటిది. టీ కొట్టు దగ్గర స్నేహితులతో వెళ్లడం మానక్కర్లేదు. వన్ బై టూ చెప్పండి, సగమే కదా. ఇంట్లో పొడి 80:20 నుంచి 60:40కి మార్చండి. మూడు వారాల్లో పొద్దున ఒక కాఫీ, పదకొండున్నరకు ఒక చిన్న టీ దగ్గరికి వస్తారు. మధ్యాహ్నం ఒకటి తర్వాత ఏదీ వద్దు.

ఒకటే మెలిక. మోతాదు మారుస్తున్న వారంలో కాఫీని కదపకండి, కాఫీ తగ్గిస్తున్న వారంలో మోతాదు మార్పించుకోకండి. రెండూ ఒకేసారి కదిలితే ఏది పనిచేసిందో డాక్టరుకూ తెలియదు, మీకూ తెలియదు. ఇప్పుడు డాక్టరు గారికి ఫోన్ చేసి, 20 మీద దడ వస్తోంది, కెఫీన్ రోజుకు 300 తీసుకుంటున్నాను, ముందు దాన్ని తగ్గించనా, మళ్లీ 10కి రానా అని అడగండి. కొన్నాళ్లు 10 మీదే ఉంచి కెఫీన్ తగ్గించాక మళ్లీ చూద్దామంటే ఆశ్చర్యపోకండి. మోతాదు మీద నిర్ణయం ఆయనది. మీ అంతట మీరు ఒకరోజు వేసుకుని ఒకరోజు మానడం వద్దు.

కొలత లేకుండా ఈ మాటలన్నీ గాలివే. చేతికి కట్టుకునే డిజిటల్ బీపీ మిషన్ కొనండి, మణికట్టుది కాదు, దండచేతిది. కొలిచే ముందు అరగంట కాఫీ, సిగరెట్ వద్దు. అయిదు నిమిషాలు వీపు ఆన్చి కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. రోజుకు రెండు వేళలు చాలు: మాత్రకు ముందు, మాత్ర వేసుకున్న రెండు మూడు గంటలకు. కూర్చుని ఉండగా నాడి మళ్లీ మళ్లీ 100 దాటుతున్నా, బీపీ మళ్లీ మళ్లీ 140/90 దాటుతున్నా ఆ వారమే డాక్టరుకు చెప్పండి. కూర్చున్నా నాడి 120 దాటి తగ్గకపోతే, గుండె లయ తప్పినట్టుంటే ఆ రోజే చూపించుకోండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే ఇంకేం ఆలోచించకుండా 108. స్మార్ట్ వాచీ నాడి చూపిస్తుంది, మంచిదే, కానీ రోజంతా దాన్నే చూస్తూ కూర్చుంటే ఆ కంగారుకే నాడి పెరుగుతుంది.

దొంగచాటుగా వచ్చే కెఫీన్ గురించి రెండు మాటలు. సారిడాన్‌లో 50 మి.గ్రా., క్రోసిన్ పెయిన్ రిలీఫ్‌లో 50, మైగ్రేన్‌కు వాడే వాసోగ్రెయిన్‌లో 100. జలుబు మాత్రల్లో చాలావాటిలో కెఫీన్‌తో పాటు ఫినైలెఫ్రిన్ ఉంటుంది. అది కూడా బీపీ పెంచేదే. తలనొప్పికి ఉత్త పారాసిటమాల్ అడిగి తీసుకోండి. జిమ్‌లో ప్రీ-వర్కౌట్ పొడి ఇంకా దారుణం, ఒక స్కూపులోనే 150–300 ఉంటుంది. మాత్ర, స్కూపు, బరువులు, బెజవాడ మే నెల ఎండ, ఈ నాలుగూ ఒక మధ్యాహ్నం కలిస్తే గుండెకు దాక్కునే చోటు ఉండదు. రోహిణి కార్తెలో మామూలు మనిషికే దాహంతో నాడి పెరుగుతుంది. ఆ రోజుల్లో మాత్ర మీద ఉన్నవాళ్లు కాఫీ ఇంకో కప్పు తగ్గించి, మజ్జిగ రెండు గ్లాసులు పెంచాలి. దాహం వేసేదాకా ఆగకుండా గడియారం చూసి తాగాల్సిందే.

అలాగే కెఫీన్ అరగడాన్ని మార్చేవి. సిగరెట్ పొగ ఆ సీవైపీ1ఏ2ను చురుగ్గా ఉంచుతుంది, కెఫీన్ త్వరగా పోతుంది. సిగరెట్ మానేసిన వారంలో అవే కాఫీలతో రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు అవుతుంది. అప్పుడు వచ్చే దడను కూడా మాత్ర మీదకు నెట్టేస్తారు. మానేటప్పుడు కాఫీలు సగం చేసుకోండి. గర్భనిరోధక మాత్రలు కెఫీన్ నిలిచే సమయాన్ని దాదాపు రెట్టింపు చేస్తాయి. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కూడా పెంచుతుంది. విరేచనాలకు, మూత్రంలో మంటకు మందుల షాపులో అడిగి తెచ్చుకునేవాళ్లు అది గమనించరు. ఓసీడీకి (ఒకే ఆలోచన, ఒకే పని మళ్లీ మళ్లీ వేధించే జబ్బు) ఇచ్చే ఫ్లూవోక్సమిన్ అయితే ఎన్నో రెట్లు పెంచుతుంది. దాని మీద ఉంటే కాఫీ దాదాపు లేనట్టే బతకాలి.

మిథైల్‌ఫెనిడేట్ కాకుండా ఏడీహెచ్‌డీకే ఇచ్చే మరో మందు అటోమోక్సెటిన్ వాడేవాళ్లు తమది ఉత్ప్రేరకం కాదు కదా అని నిశ్చింతగా ఉంటారు. అది కూడా నాడిని, బీపీని పెంచుతుంది, పైన చెప్పిన లెక్క వాళ్లకూ వర్తిస్తుంది. అమెరికా నుంచి అన్నయ్య తెచ్చిన ఏడీహెచ్‌డీ మాత్ర ఆడరాల్ సంగతి వేరు. అది యాంఫెటమిన్, సగానికి పడడానికే సుమారు 10 గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం టీ కూడా దాని మీదే పడుతుంది. పైగా మన దేశంలో ఎన్‌డీపీఎస్ చట్టం (మాదకద్రవ్యాల చట్టం) కిందికి వస్తుంది. మీ పేరిట డాక్టరు చీటీ లేనిది మీ జేబులో ఉండకూడదు.

గుండె లయ సమస్య, పుట్టుకతో గుండె లోపం, ఇంట్లో చిన్న వయసులో హఠాన్మరణం, థైరాయిడ్ ఎక్కువగా ఉండడం, గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), పానిక్ అటాక్స్ (హఠాత్తుగా ముంచెత్తే భయం), బైపోలార్ (ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు), గర్భం: వీటిలో ఏది ఉన్నా పై లెక్కలు మీకు కావు, ముందు డాక్టరుకు చెప్పి తీరాలి. పానిక్ ఉన్నవాళ్లకు ఒక కాఫీ కూడా ఎక్కువే అవుతుంది.

ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు కూడా ఇది చదువుతారు కాబట్టి: మాత్ర వాడే పిల్లలకు ఎనర్జీ డ్రింకు అసలు వద్దు, డబ్బా మీదే పిల్లలకు తగదని రాసి ఉంటుంది. హాస్టల్లో ఒకరి మాత్ర ఇంకొకరికి పంచుకోవడం జరుగుతుంటుంది. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ (అమ్మకం మీద గట్టి అదుపున్న జాబితా) మందు, డాక్టరు చీటీ రెండు ప్రతుల్లో రాయాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. ఇంత కట్టుదిట్టం ఊరికే పెట్టలేదు. మాత్రల లెక్క ఇంట్లోనే ఉంచండి.

ఆ కట్టుదిట్టం వల్లే ఇంకో చిక్కు. ఈ మందు ప్రతి షాపులో దొరకదు. విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో డాక్టరు ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న షాపులో దొరకొచ్చు. మాత్రలు అయిపోయిన రెండు రోజులు కాఫీతో నెట్టుకొద్దాం అనుకుంటే, మూడు వారాలు కష్టపడి దించిన కెఫీన్ రెండు రోజుల్లో ఎక్కేస్తుంది. వారం మాత్రలు మిగిలి ఉండగానే కొత్త చీటీ రాయించుకోండి.

తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద పది రోజులవి రాసుకెళ్లండి. మాత్ర వేళ, ప్రతి కప్పు వేళ, దాని మి.గ్రా., రెండు పూటల బీపీ నాడి, పడుకున్న వేళ, నిద్రపట్టిన వేళ. దడ వచ్చిన ప్రతిసారీ ఆ నిమిషానికి పక్కన ఒక గీత పెట్టండి. ఆ గీతలు 11 గంటల చుట్టూ గుమిగూడాయా, సాయంత్రం డబ్బా తర్వాతా, లేక ఏ కప్పుతోనూ సంబంధం లేకుండా రోజంతా చెదిరి ఉన్నాయా చూడండి. రోజంతా చెదిరి ఉంటే, కెఫీన్ 100కి దిగాక కూడా అలాగే ఉంటే, అప్పుడు మాత్ర మీకు పడలేదేమో అన్న ప్రశ్న అడగొచ్చు.